బ్లాక్ చేసిన గొంతు

లాస్య ఆడిన అబద్ధాన్ని పట్టుకోవడానికి నిరుపమకు ఎంతోసేపు పట్టలేదు. ఆ తర్వాత బయటపడిన నిజమే ఆమెకు మింగుడుపడలేదు.

కింద పాలూ, బ్రెడ్డూ, లాటరీ టిక్కెట్లూ అమ్మే డెయిరీ కొట్టు, పైన రెండు గదుల ఆఫీసు. తలుపు మీద ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ అని లైసెన్సు నంబరుతో సహా బోర్డు ఉన్నా, ఆక్లండ్ తెలుగువాళ్ళ నోళ్ళలో నిరుపమ ‘పెళ్ళిళ్ళ డిటెక్టివ్’గానే స్థిరపడిపోయింది. కుర్రాడికి నిజంగానే రెసిడెన్సీ వచ్చిందా, పిల్లకు ఇంతకుముందు ఏమైనా వ్యవహారం ఉందా అని ఆరా తీయించుకునేవాళ్ళే ఆమె మెట్లెక్కుతారు. కాకినాడ మనిషి, యాభై దాటింది, మొహమాటం లేదు. ఆమె రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు ఉంటుందని అందరికీ నమ్మకం. ఆ నమ్మకం మీద ఆమెకు కాస్త గర్వం కూడా ఉంది. లేదని ఆమె అన్నా ఎవరూ ఒప్పుకోరు.

ఈ కేసు తెచ్చింది జనార్దన్. బోటనీ డౌన్స్ తెలుగువాళ్ళలో పెద్దమనిషి, ఏ ఇంట్లో పేచీ వచ్చినా ముందు కబురు అతనికే వెళుతుంది. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే తమ్ముడు అభినయ్‌ని పెంచి, చదివించి, ఈ దేశం తెచ్చి క్రైస్ట్‌చర్చ్‌లో ఇంజనీరుగా నిలబెట్టాడు. ఆ తమ్ముడు పోయిన శుక్రవారం నుంచి కనిపించడం లేదు. ఉగాదికి వచ్చి వెళ్ళాక మళ్ళీ ఆక్లండ్ మొహం చూడలేదని, అక్కడెక్కడో రాత్రిళ్ళు క్లబ్బులో నాట్యం చేసే పిల్ల ఒకతె వాడిని వల్లో వేసుకుందని, వాడికేమైనా అయితే అది దాని పనేనని జనార్దన్ కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. పెద్దవాడు కదా, తనంతట తానే ఎటైనా వెళ్ళి ఉంటాడని పోలీసులు నింపాదిగా ఉన్నారు. నిరుపమ రిపోర్టు చేతికొస్తే వాళ్ళే కదులుతారని అతని ఆశ.

ఆ రిపోర్టు ఇవాళ రాయాలి. అందులో నిరుపమ రాసే మాటను బట్టి ఎదుటి కుర్చీలో కూర్చున్న పిల్ల సాయంత్రానికి పోలీసుల ముందు ఉంటుందో, ఇంటికి వెళుతుందో తేలిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

లాస్యకు ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. జగిత్యాల నుంచి పామర్‌స్టన్ నార్త్‌కి చదువుకోవడానికి వచ్చి, రెసిడెన్సీ సంపాదించుకుని, క్రైస్ట్‌చర్చ్ చేరింది. ఇంట్లోవాళ్ళకు హోటల్లో రిసెప్షన్ ఉద్యోగమని చెప్పింది. నిరుపమ ఫోన్ చేయగానే పొద్దున్నే విమానమెక్కి వచ్చేసింది. అభినయ్ తమ క్లబ్బుకు ఎప్పుడో రెండు మూడుసార్లు వచ్చిన కస్టమరని, బయట ఎన్నడూ కలవలేదని, చివరిసారి చూసి నెల దాటిందని ఒక్క తడబాటు లేకుండా చెప్పుకుపోయింది.

“మంచోడు మేడమ్ అభినయ్. ఎవరితోటి గట్టిగ మాట్లాడడు” అంది చివర్లో.

నిరుపమ కాఫీ కప్పు కింద పెట్టింది. “మీ క్లబ్బులో నీ పేరేంటమ్మా?”

“జేడ్.”

“అతని పేరు?”

అభినయ్‌ని మొదటిసారి ఆ క్లబ్బుకు తీసుకెళ్ళిన ఆఫీసు స్నేహితుడితో నిరుపమ నిన్ననే మాట్లాడింది. అక్కడ నాట్యం చేసేవాళ్ళకూ అసలు పేరు ఉండదు, వచ్చేవాళ్ళకూ ఉండదు. అభినయ్ అక్కడ అందరికీ సామ్. రెండు మూడుసార్లు వచ్చిన కస్టమరైతే ఈ పిల్లకు కూడా సామ్ గానే మిగిలిపోవాలి, ఫోన్లో నిరుపమ అభినయ్ అనగానే ఆ పేరెవరిదని అడిగి ఉండాలి. ఇదే మాట నిరుపమ నింపాదిగా చెప్పి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టమంది.

లాస్య కిటికీ వైపు తిరిగింది. ఏడుస్తుందేమో అనుకుంది నిరుపమ. ఏడవలేదు.

“మా కాడికి వచ్చేటోళ్ళు అందరు అబద్ధాలే ఆడుతరు మేడమ్. పెండ్లి కాలేదంటరు, ఉంగరం తీసి జేబుల పెట్టుకుంటరు. మేం గూడ ఆడుతం. నువ్వొస్తవని ఎదురుచూస్తున్న అంటం. గదే మా పని, గది ఇద్దరికీ ఎరుకే. అభి మూడోసారి వచ్చినప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ తీసి బల్ల మీద పెట్టిండు. నా పేరు సామ్ కాదు, గిది అన్నడు. అట్ల చేసినోడు ఎవడు లేడు. గప్పుడు నేను గూడ నా పేరు చెప్పిన. రెండేండ్లాయె. గా దినం నుంచి మా ఇద్దరి నడుమ అబద్ధం లేకుండె.”

అతను క్లబ్బుకు రావడం మానేశాడట. ఆమె పని మానమని ఒక్కసారీ అనలేదట. తనెక్కడున్నదీ ఆమె ఫోన్లో కనిపించేలా లొకేషన్ తనే పెట్టాడట, ఆమె అడగకుండానే. పోయిన శుక్రవారం మాత్రం పామర్‌స్టన్ నార్త్‌లో వంతెన పని చూడ్డానికి వెళుతున్నానని చెప్పి బయల్దేరాడు. మధ్యాహ్నం నిద్రలేచి ఫోన్ చూస్తే చుక్క పామర్‌స్టన్‌లో లేదు. బోటనీ డౌన్స్‌లో ఉంది.

“అన్న ఇల్లు గక్కడ అని నాకెరుకే. అన్న ఆక్లండ్ పిల్లను చూస్తుండని అభి ఎన్నడో చెప్పిండు. ఇగ పెండ్లిచూపులకే పోయిండు అనుకున్న. నువ్వు గూడ అంతేనా అని ఒక్క మెసేజ్ పెట్టి బ్లాక్ చేసిన. పోలీసులు ఫోన్ చేస్తే తెల్వదన్న. పెండ్లి కుదిరి యాడనో మంచిగనే ఉన్నడు, ఆయన పెండ్లిల నా అసుంటిదాని పేరెందుకు అనుకున్న మేడమ్.”

నిరుపమకు చివరి మాటలు సరిగ్గా చెవికెక్కలేదు. ఉగాది తర్వాత తమ్ముడు ఆక్లండ్ రాలేదని జనార్దన్ తన ఎదురుగా, ఇదే కుర్చీలో కూర్చుని చెప్పాడు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఒకరు ఊరంతా దణ్ణం పెట్టే మనిషి. రెండోవాళ్ళకు అబద్ధమాడటమే జీవనమని తమ నోటితో తామే ఇప్పుడే చెప్పారు. ఎవరిని నమ్మాలో చెప్పడానికి డిటెక్టివ్ అక్కర్లేదు, దారిన పోయే దానయ్య కూడా చెబుతాడు. నిరుపమకు అదే నచ్చలేదు.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తలుపు కొట్టకుండా లోపలికొచ్చేది ఆ ఊళ్ళో ఒక్క విష్ణు మాత్రమే.

విష్ణు ఒకప్పుడు ఈ ఆఫీసులోనే నిరుపమ దగ్గర పని నేర్చుకున్నాడు. ఆమె ఫీజుల్లో సగానికి పనిచేస్తానని ప్రచారం చేసుకుంటూ సొంత దుకాణం పెట్టాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. అభినయ్‌కి అనుకున్న పెళ్ళికూతురి తండ్రి తనను పెట్టుకున్నాడని, విమానాశ్రయం నుంచి ఈ అమ్మాయి వెనకే వచ్చానని చెబుతూ, విష్ణు తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. క్రైస్ట్‌చర్చ్ దగ్గర సముద్రపు ఒడ్డున అభినయ్, లాస్య ఒకే శాలువా కప్పుకుని నవ్వుతున్న ఫోటో.

“ఈ మనిషెవరో తెలీదని పోలీసులకు చెప్పింది ఈవిడ. మీకేం చెప్పింది, నిరుపమ గారూ?”

“నాకు నిజమే చెప్పింది. నువ్వు ఆలస్యంగా వచ్చావు.”

“రాత్రికి పదిమందికి ప్రేమగా కబుర్లు చెప్పడం ఈవిడ ఉద్యోగం. మీరు పదకొండోవాళ్ళు. ఆ కన్నీళ్ళు చూసి కరిగిపోకండి.”

“ఆమె ఏడవలేదు విష్ణూ. మనిషిని సరిగ్గా చూడమని నీకు నేర్పాననుకున్నాను.”

విష్ణు మొహం ఎర్రబడింది. పెళ్ళిసంబంధాల ఆరాలు తీసుకునేవాళ్ళు ఇలాంటి కేసుల్లో వేలు పెట్టకూడదన్నాడు. లాస్యను ఇప్పుడే పోలీస్ స్టేషన్‌కు తీసుకెళతానన్నాడు. నీకు గానీ నాకు గానీ ఒక మనిషిని ఆపే హక్కూ, లాక్కెళ్ళే హక్కూ లేవని, లైసెన్సు పోగొట్టుకోవాలని ఉంటే అలాగే చెయ్యమని నిరుపమ అంది. మాటకు మాట పెరిగింది. ఆ రభసలో లాస్య మాత్రం కుర్చీలో కదలకుండా కూర్చుని తన ఫోన్‌నే చూస్తోంది. అందులో ఏముందో అని కాదు, దాంట్లోంచి ఇంక ఏమీ రాదన్నట్టు చూస్తోంది.

ఆ చూపు దగ్గర నిరుపమ ఆగిపోయింది.

“బ్లాక్ చేశాక అతను ఫోన్ చేశాడా?”

“ఎట్ల చేస్తడు? బ్లాక్ అంటే రాదు కద మేడమ్.”

“మోగదు. అంతే. అవతలి మనిషి మాట్లాడి పెట్టేస్తే అది ఎక్కడికీ పోదు.”

నిరుపమ ఫోన్ తీసుకుని వాయిస్ మెయిల్ తెరిచింది. మామూలు సందేశాలన్నీ దాటుకుంటూ అట్టడుక్కి వెళ్ళింది. బ్లాక్ చేసిన నంబర్ల నుంచి వచ్చినవి విడిగా ఒక మూల పడి ఉంటాయి. ఎవరూ అంత కిందికి వెళ్ళి చూడరు. అక్కడ మూడు సందేశాలు ఉన్నాయి. మూడూ అభినయ్‌వే, మూడూ పోయిన శుక్రవారానివే, ఇంతవరకు ఎవరూ విననివే.

లాస్య లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. నిరుపమ మొదటిది నొక్కింది.

“లాస్యా, నేను. తప్పయింది. పామర్‌స్టన్ అని చెప్పి అన్నయ్య దగ్గరికొచ్చాను. ముందే చెబితే వద్దంటావని. నీ గురించి చెప్పేద్దామనే వచ్చాను, పెళ్ళిచూపులు కాదు, ఒట్టు. ఒక్కసారి ఫోన్ తియ్యి.”

రెండోదాంట్లో అతని గొంతు అలసిపోయి ఉన్నా తేలిగ్గా ఉంది.

“చెప్పేశాను. అన్నీ. నువ్వెక్కడ పనిచేస్తావో కూడా చెప్పాను. అది దాచి పెళ్ళి చేసుకుంటే నిన్ను చూసి నేనే సిగ్గుపడుతున్నట్టు కదా. వదిన ఏడుస్తోంది. అన్నయ్య మాట్లాడదాం గరాజులోకి రమ్మంటున్నాడు. కోపం తగ్గితే నీతో కూడా మాట్లాడిస్తాను. ఫోన్ తియ్యి లాస్యా.”

మూడోది మొదలవగానే గరాజు షట్టరు దిగుతున్న గరగర వినిపించింది. దాని మధ్య ఒక మగగొంతు, “ఇంకా దానికే చేస్తున్నావా? మన ఇంటి పేరు తీసుకెళ్ళి ఎక్కడ పెట్టావురా!” అంది. “అన్నయ్యా, ఫోనివ్వు” అన్నాడు అభినయ్. ఏదో బరువైనది సిమెంటు నేల మీద పడింది. ఆ తర్వాత మాటల్లేవు. ఎవరో రొప్పుతున్న చప్పుడు చాలాసేపు వినిపించి ఆగిపోయింది.

ఆ మగగొంతు నిరుపమకు బాగా తెలుసు. ఇవాళ పొద్దున్నే ఫోన్లో, మీ మీదే నా నమ్మకమంతా నిరుపమ గారూ, అన్న గొంతు అది. అప్పుడే ఆమె లాస్య వస్తున్న సంగతి కూడా అతనికి చెప్పింది. క్లయింటు దగ్గర దాచి పనిచేయడం ఆమెకు చేతకాదు.

“నేను ఎత్తలే” అంది లాస్య. ఇద్దరిలో ఎవరితోనూ కాదు. “ఒక్క అబద్ధం ఆడిండని ఎత్తలే. ఆయన నా కోసమే పోయిండు. నేను ఎత్తలే.”

నిరుపమ పడిపోయిన కుర్చీ లేపి ఆమెను కూర్చోబెట్టి భుజం మీద చెయ్యి వేసింది. విష్ణు తెల్లబోయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. “నేను పొరపాటుపడ్డాను” అన్నాడు. ఆ మాట అతని నోట వినడం నిరుపమకు అదే మొదలు.

తర్వాత చకచకా అతనే చెప్పాడు. లాస్యనూ, ఆ ఫోన్‌నూ తను నేరుగా స్టేషన్‌కు తీసుకెళతాడు. పక్కనే కాబట్టి ఫోన్లో వివరించడం కంటే అదే త్వరగా అవుతుంది. నిరుపమ జనార్దన్ ఇంటికి వెళ్ళి, రిపోర్టు మాట్లాడే మిషతో పోలీసులు వచ్చేదాకా అతన్ని ఇంట్లో కూర్చోబెట్టాలి. అతనికి అనుమానం రాకుండా ఆ గుమ్మం తొక్కగలిగింది ఆమె ఒక్కతే. మాట సబబుగానే ఉంది. విష్ణు పొగరుబోతు, నోటి దురుసు మనిషే గానీ అబద్ధాలకోరు కాదని నిరుపమ అభిప్రాయం. ఆమె ఆ మూడు సందేశాలనూ తన ఫోన్లోకి పంపుకుంది.

లాస్య మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూసింది. “ఈయనతోటి పోవచ్చా అక్కా?”

మేడమ్ పోయి అక్క ఎప్పుడు వచ్చిందో నిరుపమ గమనించలేదు. “వెళ్ళమ్మా. నేను చెబుతున్నానుగా” అంది.

*

తలుపు తీసింది హేమశ్రీ, జనార్దన్ భార్య. నలభై ఏళ్ళ మనిషి, ఎప్పుడు చూసినా ఎవరికో ఒకరికి అన్నం వడ్డిస్తూ కనిపించే ఇల్లాలు. ఇవాళ తల చెదిరి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. మరిది కనిపించని ఇంట్లో అది మామూలేనని ఎవరైనా అనుకుంటారు. ఎప్పట్లాగా లోపలికి రండి, కాఫీ తాగండి అనకుండా గుమ్మంలోనే నిలబడి, ఆయన లేరండీ అంది.

వేచి ఉంటానని నిరుపమ చెప్పులు విప్పి లోపలికి నడిచింది. హాల్లోకి అడుగుపెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. టీవీ పక్కన దేవుడి మందిరం ఉంటుంది. ఆ ఇంట్లో అది పొద్దుటా సాయంత్రం దీపంతో వెలుగుతూ ఉంటుంది. ఆ మందిరం తలుపులు మూసి ఉన్నాయి. పూలు లేవు. నిన్నటివి, మొన్నటివి కూడా లేవు. కానీ ఇంట్లో నువ్వులనూనె దీపం వాసన మాత్రం స్పష్టంగా వస్తోంది. దేవుడికి పెట్టని దీపం ఎక్కడ వెలుగుతోంది?

“చేతులు కడుక్కుంటాను” అంది నిరుపమ.

“బాత్రూమ్ అటుందండీ” అంటూ హేమశ్రీ అడ్డుగా వచ్చింది. నిరుపమ అప్పటికే బట్టలుతికే గది దాటి గరాజు తలుపు తీసేసింది.

గరాజులో కారు లేదు. ఒక పక్క సిమెంటు నేల మిగతాదానికంటే తెల్లగా, గట్టిగా రుద్ది కడిగినట్టు ఉంది. అక్కడే, మెట్టుకు దగ్గరగా, నేల మీద గుప్పెడు బియ్యం పోసి, వాటి మీద మట్టి ప్రమిద పెట్టి ఉంది. పక్కన స్టీలు గ్లాసుతో నీళ్ళు. ప్రమిదలో ఒకే ఒక్క వత్తి దక్షిణానికి తిరిగి వెలుగుతోంది.

దేవుడి దగ్గర ఎవరూ ఒంటి వత్తి వెలిగించరు. మనిషి ప్రాణం పోయిన చోట, ఆ పది రోజులూ ఆరిపోకుండా అలా వెలిగిస్తారు. దాహమేస్తుందని పక్కన నీళ్ళు పెడతారు. మైల కాబట్టి దేవుడి మందిరం మూసేస్తారు. పోలీసులు ఈ గరాజుకు వచ్చి ఉన్నా పూజ చేసుకుంటున్నారనుకుని తప్పుకుని నడిచేవాళ్ళు. తెలుగింటి ఆడవాళ్ళకు మాత్రం ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

వెనక్కి తిరిగేసరికి హేమశ్రీ గోడ పట్టుకుని కిందికి జారిపోయి కూర్చుని ఉంది.

“ఆర్పేయమన్నారు ఆయన” అంది. “రోజూ తిడుతున్నారు. ఎలా ఆర్పనండీ? తొమ్మిదేళ్ళప్పట్నుంచీ వాడికి అన్నం పెట్టిన చేతులివి. కర్మ లేదు, కాండ లేదు. ఈ ఒక్క దీపమైనా లేకపోతే వాడు చీకట్లో ఎటు పోతాడు?”

నిరుపమకు కోపం, జాలి, అసహ్యం ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు చూపించాలో తెలియక, పక్కనే నేల మీద కూర్చుంది. హేమశ్రీ తెగిన మాటల్లో చెప్పింది. అన్నదమ్ములు ఫోన్ కోసం పెనుగులాడారు. పెద్దవాడు తోశాడు. చిన్నవాడి తల మెట్టు అంచుకు తగిలింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తానంటే జనార్దన్ చెయ్యనివ్వలేదు. అప్పటికి ఊపిరి ఉందా అని అడిగితే హేమశ్రీ దీపం వైపు చూసింది. ఆ చూపును నిరుపమ బతికున్నంతకాలం మర్చిపోలేదు.

“ఎక్కడికి తీసుకెళ్ళాడు?”

“నాకు తెలీదండీ. నన్నడగొద్దు. నేను ఇంట్లోనే ఉన్నాను.”

“మరి నన్నెందుకు పెట్టుకున్నాడు?”

“మీరు రాస్తే పోలీసులు కూడా నమ్ముతారని.”

నిరుపమ పాతికేళ్ళు కూడబెట్టుకున్న మంచిపేరును జనార్దన్ ఒక హత్యకు ముసుగుగా కప్పుకోవాలని చూశాడు. రాత్రిపూట నాట్యం చేసే పిల్లను ఎవరైనా నిమిషంలో అనుమానిస్తారు. దానికి నిరుపమ సంతకం ఒక్కటి తోడైతే చాలు. తను ఆ సంతకానికి ఒక్క అడుగు దూరం దాకా వచ్చింది. కాసేపట్లో పోలీసులు వచ్చేస్తారని, జరిగింది దాచకుండా చెప్పేయమని, పెళ్ళివారి తరఫు విష్ణు ఈపాటికి అమ్మాయిని స్టేషన్‌లో దింపి ఉంటాడని హేమశ్రీకి చెప్పింది.

హేమశ్రీ అర్థం కానట్టు చూసింది. “ఏ పెళ్ళివారండీ? వాళ్ళు ఉగాదప్పుడే ఆ సంబంధం వద్దనుకున్నారు. విష్ణు గారిని పెట్టుకుంది మా ఆయనే. ఆ పిల్ల మీ దగ్గరికి వస్తోందని మీరు పొద్దున్న ఫోన్ చేశారుగా, ఆ వెంటనే ఈయన విష్ణు గారికి చెప్పారు.”

“జనార్దన్ ఎక్కడ?”

“మీరొచ్చే ముందే విష్ణు గారు ఫోన్ చేశారు. ఏదో వాయిస్ మెయిల్ దొరికిందట. ఈయన కారు తీసుకుని వెళ్ళారు.”

నిరుపమ తత్తరపడుతూ లేచి బ్యాగులోంచి ఫోన్ లాగింది. మాటల్లో పడి చూసుకోలేదు, లాస్య నుంచి సందేశం వచ్చి ఉంది. ఒక కారు వెనకభాగం ఫోటో, నంబరు ప్లేటు స్పష్టంగా కనిపిస్తూ. దాని కింద కదులుతున్న లొకేషన్ చుక్క. ఆ కింద నాలుగు ముక్కలు.

‘మా క్లబ్బుల ఆడపిల్లలం ఎవల కారు ఎక్కినా మేం నమ్మిన మనిషికి నంబరు పంపుతం అక్కా. రెండేండ్ల సంది అభికే పంపుతుంటి. ఇయ్యాల మీకు పంపుతున్న. మీరు పొమ్మన్నరని ఎక్కుతున్న.’

స్టేషన్‌కు వెళ్ళే దారి ఒకటి. చుక్క పోతున్న దారి మరొకటి. అది ఇళ్ళన్నీ దాటేసి, క్లీవ్‌డన్ వైపు పొలాల మధ్య రోడ్డు మీద పోతోంది. నిరుపమ లాస్యకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. విష్ణుకు చేసింది, తీయలేదు. 111 నొక్కి, స్పీకర్లో పెట్టి, కారు నంబరు చదువుతూనే తెర మీద చుక్కను చూస్తోంది. పోలీసా, ఫైరా, అంబులెన్సా అని అవతలి గొంతు నెమ్మదిగా అడుగుతోంది.

చుక్క పెద్ద రోడ్డు వదిలి పక్కకు తిరిగింది. కొండవాలులో కొత్తగా ప్లాట్లు వేస్తున్న చోట, ఇంకా పేరు కూడా పెట్టని దారి చివర ఆగిపోయింది.

హేమశ్రీ ఎప్పుడు లేచిందో, నిరుపమ భుజం మీదుగా తెరలోకి వంగి చూస్తోంది. ఆమె చేయి మెల్లగా నోటికి అడ్డంగా వెళ్ళింది.

“అక్కడికే” అంది. “ఇందాక తెలీదని అబద్ధమాడాను. అభిని తీసుకెళ్ళింది కూడా అక్కడికే.”